పొయ్యిలేని ఇళ్ళు

మా కాలనీలో ఏ ఇంటికీ వంటిల్లు లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు, కావాలనే కట్టలేదు. ప్లాను గీసినాయనని మేమంతా ప్లానయ్య అనేవాళ్ళం. ఆయనకి వంటిల్లంటే ఒళ్ళుమంట. ఇంటింటికీ ఒక పొయ్యి ఉన్నంతకాలం ఇంటింటికీ ఒక ఆడమనిషి దాని ముందు కూలబడి ఉంటుందని, ఆ పొయ్యి తీసేస్తే చాలు, అందరూ ఒకే కుటుంబంలా బతికేస్తారని ఆయన నమ్మకం. అందుకని మామూలు ఇళ్ళలో వంటిల్లు ఉండాల్సిన మూల మా ఇళ్ళలో ఒక పెద్ద కిటికీ, దాని కింద సిమెంటు అరుగు పెట్టించాడు. కూర్చుని పుస్తకాలు చదువుకోడానికట. మా ఇంట్లో ఆ అరుగు మీద నాన్న సైకిలు పంపు, నానబెట్టిన బట్టల బకెట్టు, నా పాత చెప్పులు ఉండేవి. పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చున్న మనిషిని నేను ఏ ఇంట్లోనూ చూడలేదు.

వంటా భోజనాలూ అన్నీ కాలనీ నడిబొడ్డున ఉన్న హాల్లోనే. ఏ గుమ్మం నుంచి చూసినా హాలు ఒకే దూరంలో ఉండాలని ఇళ్ళని గుండ్రంగా పేర్చాడు. బల్లలూ గుండ్రమే, ఎవరికీ పెద్దపీట ఉండకూడదని. వంట వంతులవారీగా చెయ్యాలి. నెలకొక రోజు చొప్పున రెండేసి ఇళ్ళకి వంతు, అందులో మగవాళ్ళూ చెయ్యి వెయ్యాలి. ఆలోచన చెడ్డదని నేననను. మంచిదే. కాకపోతే మంచి ఆలోచన వచ్చిన మనిషికి ఒక తొందర ఉంటుంది, అవతలివాళ్ళు ఎలాంటివాళ్ళో కనుక్కునే ఓపిక ఉండదు.

ఈ కథ హాలు పిన్నిది. పెళ్ళయిన కొత్తలో, గోడలకి ఇంకా సున్నం వాసన పోకముందే ఈ కాలనీకి వచ్చింది. భర్త కాలనీ పైపుల పని చూసేవాడు. ఎవరింట్లో కుళాయి కారినా, మేడ మీద ట్యాంకు పొంగినా ఆయనే పరిగెత్తాలి. హాలు వెనకాల ఉన్న ఒంటిగది వాళ్ళకిచ్చారు. ఆయన్ని బాబాయి అనడం ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆయన బాబాయి కాబట్టి ఆవిడ పిన్ని అయింది. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలిచేవారు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "ఇంతమందికి పెడుతున్నా, ఇంకా ఎవరికి పెట్టాలి" అని నవ్వేసేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

వంతులు ఒక్కసారిగా పోలేదు. ముందు మగవాళ్ళవి పోయాయి. లెక్కల మాస్టారి వంతు వచ్చిన రోజు అన్నం అడుగంటి, పైన మెతుకు ఉడక్క, కాలనీ అంతా రొట్టెలు కొనుక్కుని తిన్నారు. మరుసటి నెల ఆయన గరిటె పట్టుకుని వస్తుంటే జనమే వద్దని దణ్ణం పెట్టారు. ఆయన తెలివిగా మాడ్చాడని మా అమ్మ చనిపోయేదాకా అనుమానపడింది. ఆ తర్వాత ఒకావిడకి నిండు నెలలు, ఇంకొకావిడకి నడుం నొప్పి, ఇంకొకరింట్లో పిల్లల పరీక్షలు. "ఈ ఒక్కసారికీ నా వంతు నువ్వు చూసిపెట్టవూ పిన్నీ" అని గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలేవారు. ఎలాగూ హాలు వెనకే ఉంటుంది, కాలు బయట పెడితే పొయ్యి. పిన్నికి కాదనడం చేతకాదు. మా కాలనీ కట్టడానికి సిమెంటు కంటే ఎక్కువ వాడింది మొహమాటమే. అడగడానికి వాళ్ళకి మొహమాటం ఉండేది, కానీ అడిగేవారు. కాదనడానికి ఈవిడకి మొహమాటం, అనలేకపోయేది.

చివరికి ఒక మీటింగులో, పిన్నికి జీతం ఇచ్చి హాలు అప్పగించేద్దామన్నారు. "వంటశాల బాధ్యురాలు" అని నీలం రంగుతో బోర్డు కూడా రాయించారు. ఆ రోజు అందరి మొహాలూ వెలిగిపోయాయి. తప్పు చేస్తున్నామన్న బాధ ఏదో లోపల ఉన్నట్టుంది, బోర్డు తగిలించగానే తీరిపోయింది. కాలనీలో ఆడవాళ్ళందరినీ పొయ్యి నుంచి తప్పించడం ప్లానయ్య కల. ఒక్కర్ని తప్ప అందరినీ తప్పించాడు పాపం.

ఆ వంటశాల గురించి కాస్త చెప్పాలి. దాని నేల హాలు నేల కంటే అడుగు కిందికి ఉంటుంది, కడిగిన నీళ్ళు తేలిగ్గా పోవాలని. వడ్డించే కిటికీని మాత్రం హాలు వైపు నుంచి కొలిచి పెట్టారు. పెట్టేవాళ్ళూ తినేవాళ్ళూ ఒకరి మొహం ఒకరు సమానంగా చూసుకోవాలని ప్లానయ్య ఆశ. లోపల నిలబడ్డ మనిషి మొహం కనబడాలంటే మునివేళ్ళ మీద లేవాలి. బాబాయి ఒక పాత తలుపు చెక్క తెచ్చి ఇటుకల మీద వేశాడు. వడ్డించేటప్పుడు ఎక్కడం, మళ్ళీ గిన్నె కోసం దిగడం, మళ్ళీ ఎక్కడం. అంట్ల తొట్టి లోతు ఎంతంటే అడుగు తోమడానికి సగం మనిషి అందులోకి వంగాలి. సామాన్ల అరలు చెయ్యి బాగా చాపితే గానీ అందవు. నెలకొక రోజు నిలబడేవాళ్ళ కోసం గీసిన వంటిల్లు అది. రోజూ ఒకే మనిషి నిలబడుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఏడాదికోసారి ఆయన వచ్చి హాల్లో భోంచేసేవాడు. నాకు బాగా గుర్తు, కిటికీలోంచి లోపలికి తొంగిచూసి అడిగాడు.

"ఎలా ఉందమ్మా మీ వంటశాల? వసతిగా ఉందా?"

"చాలా బాగుందండి" అంది పిన్ని, చెక్క మీద నిలబడి.

ఆయన మురిసిపోయాడు. ఇంకాస్త కూర వేయించుకున్నాడు. కొన్నాళ్ళకి పోయాడు. ఆ సంతోషంతోనే పోయి ఉంటాడు.

ఇక ఇళ్ళలోకి పొయ్యిలు ఎప్పుడొచ్చాయో చెప్పడం కష్టం. మొదట పసిపిల్లల పాలకని ఒకరింట్లో వచ్చింది. తర్వాత మామగారి టీకి ఇంకొకరింట్లో. తర్వాత చెప్పుకోడానికి కారణం కూడా అక్కర్లేకపోయింది. ప్లానయ్య పుస్తకాల అరుగు చూస్తే పొయ్యి పెట్టడానికి కొలిచి కట్టినట్టే ఉంది, పైగా పక్కనే కిటికీ, పొగ బయటికి పోతుంది. అందరూ ఆ మూలకి ఒక తెర కట్టుకున్నారు. నేను కాలనీలో బట్టలు కుడతాను కాబట్టి ఆ తెరలు చాలావరకు నేనే కుట్టాను. "అల్మరాకి" అని చెప్పి కొలతలిచ్చేవారు. సరే అనేదాన్ని. మా ఇంట్లో తెర వెనక రెండు మంటల పొయ్యి ఉంది మరి, నేనేం అనగలను.

పొయ్యిలు వచ్చాక హాలుకి రావడం మానేస్తే గొడవే ఉండేది కాదు. మానలేదు. పిన్ని నొచ్చుకుంటుందని. అంత వండి కూర్చుంటుంది, ఎవరూ రాకపోతే ఆవిడ మనసు ఏమవుతుందని. అందుకని ఇంట్లో తమకి కావలసింది వండుకు తిని, చెయ్యి కడుక్కుని, పళ్ళెం పట్టుకుని హాలుకి వచ్చేవారు. నేనూ అంతే. ఇంట్లో ఒక భోజనం, హాల్లో రెండో భోజనం. పదేళ్ళలో నా బట్టలు నేనే ఎన్నిసార్లు వదులు చేసుకున్నానో. డాక్టరు తిండి తగ్గించమంటే, ఏ పూటది తగ్గించాలో తెలీక నవ్వొచ్చింది.

పిన్ని మాత్రం ఎప్పటిలాగే వండేది. ఓ రోజు మా ఇంటికి తన జాకెట్లన్నీ మూటకట్టుకుని వచ్చింది.

"వీటన్నిటికీ ముందువైపు గుండీలు పెట్టెయ్ అమ్మాయ్. వెనక గుండీలు పెట్టుకోవాలంటే కుడిచెయ్యి వెనక్కి పోవట్లేదు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించా. బరువులు ఎత్తొద్దన్నాడు. నవ్వొచ్చింది నాకు."

భుజం కొలవబోతే అప్పటికే వాచి రాయిలా ఉంది. పెద్ద గిన్నె దించేటప్పుడు ఎడమచేతితో పట్టి, కడుపుకి ఆనించుకుని దించుతోందట. కడుపు మీద కాలిన మచ్చలు చూపించింది. చూపిస్తూ ఏదో ఇంకొకరి సంగతి చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది.

ఆ ఏడాదే బాబాయికి గుండె జబ్బు వచ్చింది. ట్యాంకు ఎక్కుతూ ఎక్కుతూ మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆసుపత్రి నుంచి పంపిస్తూ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఉప్పు మానెయ్యాలి, అప్పుడప్పుడే వండింది కొంచెం కొంచెం తినాలి, వేళకి తినాలి, తిన్నాకే మందులు వేసుకోవాలి. కాలనీ మొత్తానికి వండేది పెళ్ళాం, అదెంత పనిలే అనుకున్నాం మేమంతా.

హాల్లో ఉన్న అన్నిటికంటే చిన్న గిన్నె ఇరవైమందికి సరిపోతుంది. అందులో గుప్పెడు బియ్యం పోస్తే, ఆ భయంకరమైన మంటకి నీళ్ళు పొంగేలోపే ఇగిరిపోయేవి. మొదటిరోజు మాడింది. రెండోరోజు నీళ్ళెక్కువై జావయింది. మూడోరోజు చెయ్యి అలవాటు కొద్దీ ఉప్పు వేసేసింది. ముప్ఫై ఏళ్ళకి పైగా వండిన మనిషి, ఒక్క మనిషికి అన్నం వండలేక గిన్నె ముందు కూర్చుని ఏడ్చింది. నేనెళ్ళేసరికి చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"మా ఇంట్లో వండి పంపిస్తాను పిన్నీ, ఇందులో ఏముంది" అన్నాను.

బాబాయి మంచం మీంచి చెయ్యి ఊపాడు. "వద్దమ్మా. ఇన్నేళ్ళూ కాలనీతో కలిసి తిన్నా. ఇక ఇది వండుతుంది, ఇదీ నేనూ కూర్చుని తింటాం. అంతే నాక్కావలసింది."

"మరి గదిలో ఒక పొయ్యి పెట్టుకోరాదూ పిన్నీ?"

"నేనా?" అంది. "హాలు నా చేతిలో పెట్టి, ఇంట్లో పొయ్యి వద్దని అందరికీ చెప్పమన్నారు. నేనే పెట్టుకుంటే ఏం బావుంటుంది?"

అప్పుడు తట్టింది నాకు. కాలనీ మొత్తం మీద పొయ్యి లేని ఇల్లు వంటావిడదొక్కటే.

ఆ రాత్రంతా ఆలోచించుకున్నట్టుంది, మర్నాడు నిబ్బరంగా చెప్పింది. "ఆదివారం మీటింగులో మానేస్తానని చెప్పేస్తా. ఆయన ఒక్కడికీ వేళకి వండి పెట్టుకుంటా. ఆయన్ని బతికించుకోవాలి కదా." ఆ మాటన్నాక ఆవిడ మొహంలో అలసట కాస్త తగ్గినట్టనిపించింది. అన్నీ సర్దుకుంటాయని నేను కూడా పిచ్చిదానిలా అనుకున్నాను.

మీటింగులో పిన్ని లేచి నిలబడేలోపే లెక్కల మాస్టారు లేచారు. ఆయనే ఇప్పుడు కాలనీ కార్యదర్శి. గొంతు సవరించుకున్నారు.

"ఈమధ్య కొందరు, తినేవాళ్ళు తగ్గారు, హాలు మూసేసి ఆటలకి ఇచ్చేద్దామన్నారు. నేను ససేమిరా అన్నాను. ఈ హాలు పిన్ని ప్రాణం. ఆవిడ ఓపిక ఉన్నంతకాలం ఈ హాలు పొయ్యి ఆరడానికి వీల్లేదు. కష్టంలో ఉన్న మనిషికి మనం చెయ్యగలిగింది అదే."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. వెనక తలుపులోంచి ఇద్దరు మనుషులు రొప్పుతూ ఒక కొత్త గిన్నె మోసుకొచ్చారు. పాతదానికంటే పెద్దది. తళతళలాడిపోతోంది. అందరూ తలా కొంత వేసుకుని కొన్నారట, పిన్ని సంతోషిస్తుందని. పిన్ని దాని అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. నాకు చెప్పిన మాట ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని నేను చూస్తూనే ఉన్నాను.

"చాలా బాగుంది" అంది. "నాదొక మనవి. గదిలో ఒక చిన్న పొయ్యి పెట్టుకోనిస్తారా? ఆయనకి ఉప్పులేకుండా వండాలి."

అందరూ ఎవరి కాళ్ళ వైపు వాళ్ళు చూసుకున్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"అదీ... ఇంట్లో పొయ్యి ఉండకూడదన్నది ఈ కాలనీకి పునాది లాంటిది పిన్నీ. అందులోనూ మీరు..."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా ఇంట్లో ఉంది పొయ్యి. మీ ఇంట్లో లేదా మాస్టారూ?" అన్నాను.

"మాది పాలు వెచ్చబెట్టుకోడానికమ్మా" అన్నారాయన, ఎక్కడా తొణక్కుండా.

గంటసేపు చర్చ నడిచింది. పొయ్యి లేనట్టే నటిస్తూ, పొయ్యి పెట్టుకోవచ్చా లేదా అని, ఇంట్లో పొయ్యి ఉన్న వాళ్ళంతా వాదించుకున్నారు. చివరికి తీర్మానం చేశారు. రోగికి నయమయ్యేవరకు, జాలి తలచి, పిన్ని గదిలో ఒక పొయ్యికి అనుమతి. దానిక్కూడా చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక అడిగాను. "మానేస్తానని చెబుతానన్నావుగా పిన్నీ?"

"గిన్నె ఇచ్చారు కదే. ఎలా చెప్పను?"

ఆ గిన్నెని ఎత్తి దాని మూతతో సహా కాలవలో పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఎత్తడం నా వల్లయ్యే పని కాదనుకోండి.

అలా ఒక పొయ్యి వదిలించుకోడానికి వెళ్ళిన మనిషికి రెండు పొయ్యిలయ్యాయి. తెల్లారకముందే లేచి గదిలో బాబాయికి వండి, మూతపెట్టి, హాలుకి వెళ్ళేది. హాల్లో అందరికీ వడ్డించి, తోమి, తుడిచి గదికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. బాబాయి తినకుండా అలాగే కూర్చుని ఉండేవాడు. తిట్టేది. "నువ్వొచ్చాక తిందామని" అనేవాడు, చిన్నపిల్లాడు మారాం చేసినట్టు. వండింది చల్లారిపోయేది. వేళ తప్పేది. మందులు ఆలస్యమయ్యేవి. పిన్ని మొహం రోజురోజుకీ పీక్కుపోయింది. చీకటి పడ్డాక వెనక గది ముందు నుంచి వెళ్తుంటే ఇద్దరూ చెరో గోడకి ఆనుకుని కూర్చుని కనబడేవారు.

ఒకరోజు హాల్లో వడ్డన మధ్యలో ఉండగా బాబాయి గదిలో పడిపోయాడు. ఆకలితో, మందు పడక. కంచం పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నవాడు కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. కంచం చప్పుడు విని నేనూ ఇంకో ఇద్దరూ పరిగెత్తి లేపాం. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచాడు. పిన్ని గరిటెతోనే వచ్చింది. ఆయన పక్కన కూలబడి, తడి చేతులతో ఆయన మొహం తడిమింది. ఏడవలేదు. మర్నాటి వంటకి కావలసిన సామాను ఏమేం తేవాలని నేను అడిగితే, గరిటె పక్కన పెట్టి ఆయనకి ముద్ద కలిపి పెట్టింది.

ఆ మర్నాడు భోజనాల వేళకి హాలు కిటికీ తెరుచుకోలేదు. పొగగొట్టంలో పొగ లేదు. పళ్ళేలు పట్టుకుని వచ్చినవాళ్ళు కిటికీ ముందు గుంపయ్యారు. ఇన్నేళ్ళలో ఇలా జరగడం ఎవరూ ఎరుగరు. "నువ్వెళ్ళి చూడమ్మా, నీకు చనువెక్కువ" అన్నారు మాస్టారు. బాబాయికి ఏమయిందోనని పరుగున వెళ్ళాను.

గది తలుపు ఓరగా తీసి ఉంది. నేల మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో చిన్న గిన్నె, దాన్లోంచి ఆవిరి లేస్తోంది. బాబాయి కంచంలో ఉప్పులేని కూర, పిన్ని కంచంలోనూ అదే కూర. బాబాయి తల వంచుకుని శ్రద్ధగా తింటున్నాడు. పిన్ని నన్ను చూసింది గానీ, నోట్లో ముద్ద నమిలి మింగేదాకా మాట్లాడలేదు.

"అక్కడ అందరూ నిలబడి ఉన్నారు పిన్నీ."

"ఉంటారు."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. తింటున్నా." ఇంకో ముద్ద కలుపుకుంది. "వాళ్ళు ఇళ్ళల్లో తినేసే వచ్చారమ్మాయ్. నువ్వూ తినే వచ్చావు. నాకెప్పుడో తెలుసు. ఎవరి పళ్ళెంలో ఎంత మిగిలేదో తోమేదాన్ని నాకు తెలీదూ?"

నాకు తల కొట్టేసినట్టయింది. "తెలిసి ఎందుకు వండావు మరి?"

"మీరంతా నా కోసం వస్తున్నారాయె. రావద్దని ఏ నోటితో చెప్పను?" అంది. బాబాయి కంచంలోకి ఇంత అన్నం వేసి, కూర వేసింది. "ఇవాళ చెబుతున్నా. వెళ్ళి నువ్వే చెప్పు."

"ఏమని చెప్పను?"

"అన్నం తింటోందని చెప్పు."

హాలుకి తిరిగి నడుస్తూ, ఆవిడ కంచం ముందు కూర్చోగా ఎప్పుడైనా చూశానా అని గుర్తు తెచ్చుకోబోయాను. పాలపళ్ళప్పటి నుంచి ఆవిడ చేతి అన్నం తిన్నాను. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. సిగ్గుతో మొహం వేడెక్కింది.

"పిన్ని అన్నం తింటోంది" అన్నాను అందరితో.

ఇంకేదో చెబుతానని చూశారు.

"తినేసి వస్తుందా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"రాదు. ఇంక రాదు."

మాస్టారు మూసి ఉన్న కిటికీ వైపు, చేతిలో పళ్ళెం వైపు మార్చి మార్చి చూసుకున్నారు. "మరి మాకెవరు పెడతారమ్మా?" అన్నారు. కోపంగా అనలేదు, నిజంగానే దిక్కు తోచక అడిగారు. ఇంట్లో భోంచేసి కడుక్కొచ్చిన ఆయన కుడిచెయ్యి ఇంకా తడిగానే ఉంది.